పసుపుదారం కట్టిన కుండ

నా చిన్నప్పుడు మా వైపు ఊరగాయ కుండ మూతికి ఎవరూ పసుపుదారం కట్టేవాళ్లు కాదు. పాతగుడ్డ వేసి నారతాడుతో బిగించేవాళ్లు, అంతే. ఆ సంగతి ఆ రోజే నా బుర్రకు తట్టి ఉంటే ఇదంతా చెప్పుకునే పని నాకు ఉండేది కాదు. నేను చిన్నపిల్లను, పైగా ఆ కుండ నా నెత్తిన పెట్టిన మనిషి మా జేజినాయన, మా నాయనకు నాయన. ఆయన ఇచ్చినదాన్ని అనుమానించమని ఎవరైనా చెప్పి ఉంటే వాళ్ల మీద దుమ్మెత్తి పోసేదాన్ని.

జేజినాయనకు నేనంటే ప్రాణమని ఊరంతా అనుకునేది. వాళ్లమ్మ పేరే నాకు పెట్టారు. అందుకని నన్ను పేరు పెట్టి పిలిచేవాడు కాదు, నోరారా "అమ్మా" అనేవాడు. సంతకు పోతే పైపంచె కొంగున బెల్లం ముక్కో, గుప్పెడు బొరుగులో నాకోసం కట్టుకొచ్చేవాడు. ఎండలో నడిస్తే కాళ్లు కాలతాయని భుజాన ఎక్కించుకునేవాడు. మా అమ్మ సంగతి వేరు. పెళ్లినాటి ఏదో మాటపట్టింపు మనసులో పెట్టుకుని ఆయన ఆమెతో సరిగా మాట్లాడిందే లేదు. అమ్మ పుట్టిల్లు మధ్యలో ఉన్న వంక, అదే చిన్న వాగు, దాటితే వచ్చే పక్క ఊరే అయినా, పండక్కి పంపాలంటే కూడా సవాలక్ష సాకులు చెప్పేవాడు. మా నాయన ఆయన ఎదుట నోరెత్తి ఎరగడు.

ఆ ఏడు తొలకరి బాగా పడింది. అందరూ బుడ్డలు వేశారు. బుడ్డలంటే వేరుశెనగ, మేము అట్లాగే అంటాం. మొదటి వానలు పడిన సాయంత్రాల్లో దీపం వెలిగిస్తే చాలు, తెల్లటి రెక్కల పురుగులు వచ్చి చుట్టూ ముసిరేవి. పిల్లలం వాటిని పట్టి ఆడుకున్నాం. పెద్దవాళ్లు కూడా వాటిని అంతగా లెక్కచేయలేదు. అవి పెట్టిన గుడ్లే కొన్నాళ్లకు ఎర్ర గొంగళి పురుగులై లేచాయి.

చూసినవాళ్లకు తప్ప ఆ పురుగు సంగతి చెబితే అర్థం కాదు. ఒంటి నిండా ఎర్రటి బొచ్చు. తగిలితే దద్దుర్లు లేచి రోజంతా గోకుడే. గుట్ట కింది బీడులో పుట్టి, ఒక చేను తిని, ఇంకో చేనికి మందలు మందలుగా నడిచి పోయేవి. గట్టు మీద నిలబడితే అవి ఆకు కొరికే చప్పుడు సన్నటి జల్లు పడుతున్నట్టు వినిపించేది. తల ఎత్తి చూస్తే మబ్బుతునక ఉండేది కాదు. అవి దాటిపోయిన చేనులో పుల్లలు మాత్రం నిలబడి ఉండేవి. ఆ పుల్లల మధ్య కూర్చుని ఏడ్చిన మగవాళ్లను నేను చూశాను.

తాలూకా నుంచి ఒక ఆఫీసరు వచ్చి కాస్త పొడిమందు ఇచ్చాడు. ఇది చాలదు, పురుగు నడిచే దారికి అడ్డంగా కాలువలు తవ్వండి, అందులో పడ్డవాటిని పూడ్చండి అన్నాడు. ఒక ఊరు తవ్వి ఒక ఊరు వదిలేస్తే లాభం లేదు, రెండు ఊళ్లూ కలవండి అని కూడా చెప్పి పోయాడు. అప్పుడు మా ఊరి పెద్దలూ పక్క ఊరి పెద్దలూ పొలిమేర రాయి దగ్గర కూర్చుని ఒక ఒప్పందం చేసుకున్నారు. పురుగు ముందు మా వైపే దిగుతోంది కాబట్టి ముందు వాళ్లొచ్చి మాకు తవ్వాలి. మా పని కాగానే మేమంతా పోయి వాళ్ల వంకగట్టున తవ్వాలి. మనిషికి మనిషి బదులు. మా కాలువ అడ్డం తగిలితే పురుగు పక్కకు తిరిగి వంక వైపు, అంటే వాళ్ల వైపు సాగుతుందని పిల్లలకు కూడా తెలుసు. అయినా వాళ్లు నమ్మి వచ్చారు. మా ఊరి తరఫున మాటిచ్చింది మా జేజినాయనే.

ఆ వచ్చినవాళ్లలో మా మామ ఉన్నాడు. అమ్మకు ఒక్కడే తమ్ముడు. అవతలివైపు అంచు నిట్టనిలువుగా ఉండాలి, లేకపోతే పురుగు ఎక్కేస్తుందని, గోడ నున్నగా చెక్కినట్టు చెక్కేవాడు. కాలువలో పడ్డవాటిని పుల్లతో లాగి పూడ్చేవాడు. బొచ్చు గుచ్చుకుని ఆయన వేళ్లు వాచిపోయాయి. పార పట్టు దొరక్కపోతే చేతికి గుడ్డ చుట్టుకుని తవ్వాడు. సాయంత్రం అమ్మ ఆముదం రాస్తుంటే, తను ఏ నొప్పీ లేనివాడిలాగా నన్ను ఆటపట్టించేవాడు. ఆయనకు ఉన్నది వంక పక్కన ఒకటే చేను. అమ్మానాయనా పోయాక ఆ ఇంట్లో ఒంటరిగా ఉండేవాడు. ఆ పంట చేతికొస్తే ఇల్లు కప్పించి పెళ్లి చేసుకుంటానని, రాకపోతే డోనుకు పోయి రైలు స్టేషనులో మూటలు మోస్తానని అమ్మతో నవ్వుతూ అన్నాడు. అమ్మ నవ్వలేదు.

మా కాలువ పూర్తయింది. మా చేలు నిలబడ్డాయి. ఇక మేము పోవాలి. అదిగో పోదాం, ఇదిగో పోదాం అంటూ మా ఊళ్లో ఒక్కరూ కదల్లేదు. చేలల్లో కలుపు మీదికొచ్చింది, ఇప్పుడు పరాయి ఊరికి పోయి ఆ దురద ఎవడు తెచ్చుకుంటాడని గొణుక్కున్నారు. మామ ఒకసారి వచ్చి ఎప్పుడొస్తారని జేజినాయనను అడిగి పోయాడు. వస్తామన్నాడట.

అప్పుడు నాకు ఎవరూ చెప్పని సంగతి ఒకటి మీకు ముందే చెప్పేస్తాను. మా వైపు కుండ సాగనంపడమని ఒక పాత ఆచారం ఉండేది. పురుగు మితిమీరినప్పుడు కొత్తకుండలో కొన్ని పురుగులు పట్టి, పసుపూ కుంకుమా పెట్టి, మూతికి పసుపుదారం కట్టి, ఇంకా పెద్దమనిషి కాని ఆడపిల్ల నెత్తిన పెట్టి పొలిమేర దాటించేవాళ్లు. ఆ పిల్ల దారిలో కుండ దించకూడదు, వెనక్కి తిరిగి చూడకూడదు. కుండ ఏ నేల మీద దిగితే మిగిలిన పురుగంతా దాని వెంట ఆ నేలకే పోతుందని నమ్మకం. అవతలి ఊరివాళ్లు చూస్తే మాత్రం ఊరుకునేవాళ్లు కాదు. వేపమండలతో బాదుతూ, అదే కుండతో ఆ పిల్లను వెనక్కి తరిమేవాళ్లు. అట్లా తరిమించుకున్న పిల్లా, ఆ పిల్ల ఇంటివాళ్లూ మళ్లీ ఆ ఊళ్లో కాలు పెట్టడానికి లేదు.

కాలువ తవ్వే పని తప్పించుకోవాలంటే మా పెద్దలకు ఆ కుండే దారి అనిపించింది. పురుగంతా ముందే వాళ్ల చేలల్లోకి దిగిపోతే ఇక అక్కడ తవ్వే అవసరమే ఉండదు కదా. పక్క ఊరివాళ్లు పొలిమేర మీద కన్నేసి ఉన్నారు. పరాయి పిల్ల కుండతో వస్తే పట్టేస్తారు. మేనమామ కోసం ఊరగాయ తెచ్చే పిల్లను ఎవరు ఆపుతారు?

ఆ పొద్దున జేజినాయన వంటింటి గడప దగ్గర నిలబడి, కొత్త ఊరగాయ తమ్ముడికి కాస్త పంపరాదా అని అమ్మను అడిగాడట. అమ్మ ఆ ఇంట్లో అడుగుపెట్టాక తన పుట్టింటి ఊసు ఆయన నోట రావడం అదే మొదలు. కొత్తకుండ కడిగి తుడిచి మంచి ముక్కలు ఏరి నింపింది. గుడ్డ వేసి నారతాడు కట్టింది. నాకు తలదువ్వి, రిబ్బను కట్టి, కనకాంబరాలు పెట్టింది. మామకు ఏమేం చెప్పాలో చెబుతూ మధ్యలో నవ్వుకుంటూనే ఉంది. మా అమ్మ అట్లా ఊరికే నవ్వుకోవడం నేను చాలా తక్కువ సార్లు చూశాను.

కుండ నీకు బరువవుతుంది, పొలిమేర దాకా నేను మోస్తానని జేజినాయన దాన్ని తీసుకుని ముందు కొట్టంలోకి పోయాడు. ఎద్దులకు గడ్డి వేసి వస్తానన్నాడు. వచ్చేటప్పుడు ఆయన చేతిలో కుండ ఉంది. దాని మూతికి పసుపుదారం ఉంది. చూశాను. చూసి, శుభమని కట్టి ఉంటాడులే అనుకున్నాను. చూడండి నా తెలివి.

పొలిమేర రాయి దగ్గర ఆయన ఆగాడు. నా నుదుట కుంకుమ పెట్టి, నెత్తిన చుట్టగుడ్డ సర్ది, కుండ పెట్టాడు. "మీ మామ చేన్లోనే ఉంటాడు, ఆడనే ఇయ్యమ్మా. దోవలో దించొద్దు, ఊరగాయ కదిలిపోతాది. వెనక్కి జూడకుండా పో," అన్నాడు. చూడొద్దన్నాడు కాబట్టి చూడలేదు. అమ్మ అంత నింపినా కుండ ఇంత తేలికగా ఎట్లుందా అని మాత్రం అనుకున్నాను. పెద్దదాన్ని అయిపోతున్నాను కాబోలు, బలం వచ్చిందని మురిసిపోయాను కూడా. లోపల ఏదో గరగరమంటోంది. ఆవకాయ ముక్కలు గరగరమంటాయా? అనవు. ఆ వయసులో నమ్మకం ముందు చెవులు కూడా పనిచేయవు.

మామ గట్టు పక్కన కలుపు తీస్తున్నాడు. చేను పచ్చగా, పూత మీద ఉంది. నన్ను చూసి లేచి, "ఏమ్మే కోడలా, నీకు దోవ యాడ దెలిసె?" అని నవ్వాడు. అమ్మ ఊరగాయ పంపిందని, జేజినాయనే పంపమన్నాడని చెప్పాను. ఆ రెండో మాటకు ఆయన మొహం వెలిగిపోయింది. అక్క బతుకు ఇప్పటికి ఒక దారికొచ్చిందని అనుకుని ఉంటాడు, పాపం. కుండను నా నెత్తి మీద నుంచి తీసి గట్టు మీద దించాడు.

దారం దగ్గర ఒక్క క్షణం ఆగాడు. వాచిన వేళ్లకు ముడి రాలేదు. పళ్లతో కొరికి విప్పాడు. గుడ్డ తీస్తే పైన ఆముదపు ఆకులు. ఆకులు తీస్తే కింద ఎర్రగా కదులుతున్నాయి.

నాకు మొదట అర్థం కాలేదు. అమ్మ ఇట్లాంటివి ఎందుకు పంపుతుందనుకున్నాను. ఎవరు కట్టారని మామ మెల్లగా అడిగాడు. అమ్మ కట్టింది నారతాడు అన్నాను. ఆ మాట నా నోట్లోంచి వస్తుండగానే అంతా తెలిసిపోయింది. కొట్టం, ఎద్దులకు గడ్డి, కుంకుమ, వెనక్కి చూడొద్దనడం, అంతా. ఏడుపు రాలేదు నాకు. మామ నన్ను చూసి, చేతికి చుట్టిన గుడ్డను చూసుకుని, గట్టు మీద చతికిలబడ్డాడు. ఆయన తిట్టి ఉంటే నాకు తేలికయ్యేది.

అంతలో పక్క చేను ముసలాయన చేతులు దులుపుకుంటూ ఇటే వచ్చాడు. మామ ఆకులు మళ్లీ కప్పి కుండ మీద గుడ్డ వేశాడు.

"ఏమప్పా, కోడలు ఏందో మోసుకొచ్చినాదే?"

"ఊరగాయ, చిన్నాయనా."

"ఒక ముక్క ఇటు పడెయ్, సంగట్లోకి నంజుకుంటా."

"ఇంగా ఊరల్యా. ఊరినాక నేనే తెచ్చిస్తా."

పిసినారి అని వేళాకోళం చేసి ముసలాయన పోయాడు. ఆయన పోయేదాకా ఒక పురుగు గుడ్డ అంచు కిందనుంచి బయటికొచ్చి మామ బొటనవేలి మీదికి ఎక్కుతూనే ఉంది. మామ చెయ్యి కదల్చలేదు. ఆ రోజు ఆయన ఒక్క కేక వేసి ఉంటే ఊరు ఊరంతా వేపమండలతో వచ్చేది. నా ఒంటి మీద వాతలు తేలేవి. మా అమ్మకు పుట్టింటి దారి ఆ పూటతో మూసుకుపోయేది. మాట తప్పింది మేము, మోసం చేసింది మేము. కేక వేయడానికి ఆయనకు అన్ని హక్కులూ ఉన్నాయి.

ఆయన తన చేను మూలనే గుంత తవ్వాడు. పురుగులను అందులోకి వంచి, ఎండుగడ్డి వేసి అగ్గిపుల్ల గీశాడు, మన్ను కప్పాడు. ఆచారం ప్రకారం అయితే ఆ కుండను మళ్లీ పొలిమేర అవతలికి తోసేయాలి. అవతలికి పారేస్తే పోదా మామా అని నేనే అడిగాను, కోపం పట్టలేక.

"అవతల ఉండేది మీ నాయన చేనే గదమ్మే," అన్నాడు.

తర్వాత నన్ను ఇంటికి తీసుకుపోయి జొన్నరొట్టె పెట్టాడు. తుంచి అట్లాగే పక్కన పెట్టేశాను. ఈ సంగతి అమ్మకు మాత్రం చెప్పొద్దన్నాడు. "ఆమె ఆ ఇంట్లోనే బతకాల," అన్నాడు. కుండను వంకలో చెలమ దగ్గర ఇసుకతో తోమి కడిగాడు. ఒకరింటి నుంచి వచ్చిన కుండను ఖాళీగా పంపడం మాకు లేదు. అందులో ఇంట్లో మిగిలిన బుడ్డలు పోసి, మీద బెల్లపు గడ్డ పెట్టి, తన పైగుడ్డ అంచు చించి మూతి కట్టాడు. పొలిమేర దాకా తనే మోసుకొచ్చి నాకిచ్చాడు.

జేజినాయన మా అరుగు మీద ఎదురుచూస్తున్నాడు. నా నెత్తిన కుండ చూడగానే ఆయన మొహంలో నెత్తురు లేదు. పోయిన కుండ తిరిగొస్తే పోయిన పురుగు కూడా తిరిగొచ్చినట్టే. అమ్మ నీళ్లకు పోయి ఉంది. నన్ను గబగబా కొట్టంలోకి తీసుకుపోయి కుండ దించమన్నాడు. దించాను. తను రెండడుగులు వెనక్కి వేసి గుంజకు ఆనుకుని నిలబడ్డాడు.

"నువ్వే తియ్యమ్మా మూత," అన్నాడు.

నా చిన్నప్పటి జీవితం ఆ మాట దగ్గర అయిపోయింది. పొద్దున జరిగినదానికి నా మనసు ఏదో ఒక సాకు వెతుక్కుంటూ వచ్చింది, దారంతా. ఊరి పెద్దలు బలవంతపెట్టి ఉంటారని, పురుగు నన్ను ఏమీ చేయదని ఆయన అనుకుని ఉంటాడని. ఇప్పుడు కుండ లోపల ఏముందో అని ఆయన భయపడుతున్నాడు. పగ తీర్చుకోవడానికి మామ ఏ తేలునో పామునో పెట్టి ఉంటాడనుకున్నాడు. అట్లా అనుకుంటూనే నన్ను మూత తీయమన్నాడు, అమ్మా అని పిలిచి మరీ.

తీశాను. బుడ్డలు, బెల్లం. ఆయన ఊపిరి వదిలి, ముందుకొచ్చి, వంగి చూసి, పిల్లోడు మంచోడే అన్నాడు. బెల్లం చిదిపి ముందుగా నాకే ఇవ్వబోయాడు. నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను. ఆ తర్వాత ఆయన బతికినన్నాళ్లూ ఆయన చేతి నుంచి నేను ఏదీ తీసుకోలేదు. పిల్లకు పొగరెక్కింది అని అందరూ అన్నారు. ఎందుకో ఆయనకు తెలుసు, నాకు తెలుసు.

మా ఊరినుంచి వంకగట్టుకు తవ్వడానికి ఒక్క మనిషీ పోలేదు. పురుగు పోయిందిలే, కుండ పోయింది కదా అని పెద్దలు లోలోపల సంబరపడ్డారు. కుండ తిరిగొచ్చిందని జేజినాయన వాళ్లకు చెప్పినట్టు లేదు. పురుగు కుండ వెంట ఎక్కడికీ పోలేదు. మా కాలువ వెంబడి నడిచి, ఎటు తిరుగుతుందని పిల్లలకు కూడా తెలుసో అటే తిరిగింది. మాకోసం చేతులు వాచేట్టు తవ్వినవాళ్లు తమకోసం తవ్వుకునే సరికి సమయం మించిపోయింది. అందరికంటే ముందు వంక పక్కన ఉన్న మామ చేనే పోయింది. అమ్మ నన్ను వెంటబెట్టుకుని చూడ్డానికి పోయింది. పుల్లల మధ్య మామ నిలబడి ఉన్నాడు. అమ్మ ఏడుస్తూ ఏం మాట్లాడాలో తోచక, ఊరగాయ ఎట్లుందిరా అని అడిగింది. మామ నావైపు చూడలేదు.

"శానా బాగుండాదక్కా. ఉప్పు రవ్వంత తగ్గింది, అంతే," అన్నాడు.

ఆ ఏడే మామ డోనుకు పోయాడు. మూటలు మోసి మోసి అక్కడే నడుం వంగిపోయింది. వంక అవతలి ఇల్లు కూలిపోయింది. పెళ్లి చాలా ఆలస్యంగా జరిగింది. అమ్మ కట్టిన అసలు ఊరగాయ కుండ చలికాలంలో కొట్టంలో గడ్డి వెనక నాకు దొరికింది, నారతాడుతో, బూజు పట్టి. ఎవరికీ చూపించకుండా దొడ్లో పాతిపెట్టాను. అమ్మ మాత్రం ఆ తర్వాత ప్రతి ఏడూ ఆవకాయ పెట్టేటప్పుడు ఒక పిడికెడు ఉప్పు ఎక్కువే వేసేది. తమ్ముడు తగ్గిందన్నాడని. ఉప్పు కషాయమని మా నాయన విసుక్కున్నా మానలేదు. ఆమె పోయేదాకా అంతే. నేను ఆ ఆవకాయ ఎంత ఉప్పగా ఉన్నా నోరెత్తకుండా తిన్నాను.

జేజినాయనను క్షమించావా అని మా అమ్మాయి ఒకసారి అడిగింది. లేదు. ఆయన మీద కోపం పోనందుకు నాకేమీ సిగ్గు లేదు. మామ నేర్పింది మాత్రం చేతనైనంత పాటించాను. ఎవరో మోసం చేస్తే ఆ కుండను ఇంకొకరి నెత్తిన పెట్టి పంపకూడదు.

ఇప్పుడు మా ఇంట్లో మనవరాలి చేత పక్కింటికి ఏదైనా పంపాలంటే ముందు దాని ఎదుట మూత తీసి చూపిస్తాను. మొన్న కూడా అంతే. "పెరుగే కదవ్వా, చూసేదేముంది?" అని నవ్వింది.

"పెరుగే. అయినా చూసి పో," అన్నాను.